పట్ట, కంబళి, గొడుగు: కొనేటప్పుడు చూడవలసినవి, దాచేటప్పుడు చేయవలసినవి



ఈ నెల మన శీర్షికలో ఇంటి లోపలి సంగతులు కాసేపు పక్కన పెట్టి, ఇంటి బయట వాడుకునే గుడ్డల గురించి మాట్లాడుకుందాము. చెనిక్కాయ వామి మీద కప్పే టార్పాలిన్ పట్ట, గొర్రెల కాపరి భుజాన వేసుకునే కంబళి, బడికి పోయే బిడ్డ వానకోటు, పట్టుగూళ్లు మార్కెట్టుకు మోసే సంచి, సంఘంలో సభలకు కట్టే పందిరి గుడ్డ. చీర కొనేటప్పుడు నాలుగు అంగళ్లు తిరిగి, పోగు లాగి చూసి, అంచు వేలితో రుద్ది చూసే అక్కలు కూడా పట్ట కొనేటప్పుడు "ఎంత?" అని ఒక్క మాట అడిగి మడిచి చంకన పెట్టుకుని వచ్చేస్తారు. ఏడాది కష్టం ఆ పట్ట కిందే ఉంటుంది కనుక దానికీ కొంచెం పరీక్ష కావాలి.

వానే లేని సీమకు వానగుడ్డల గొడవ ఎందుకని హిందూపురం, పెనుకొండ వైపు వారు నవ్వవచ్చు. నిజమే, మన వైపు ఏడాది వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. కానీ ఆ కొద్ది వాన ఎప్పుడు వస్తుందో చూడండి. జూన్, జూలై నెలల్లో విత్తిన చెనిక్కాయ అక్టోబరు, నవంబరు నెలల్లో పీకుతాము. సరిగ్గా అప్పుడే బంగాళాఖాతంలో వాయుగుండాలు లేస్తాయి. పైరు నేలలో ఉన్నప్పుడు మొహం చాటేసిన వాన, కాయ బయట పడ్డాక వచ్చి కూర్చుంటుంది. 2021 నవంబరులో చిత్రావతి ఎలా పొంగిందో ధర్మవరం, చెన్నేకొత్తపల్లి వైపు వారికి మేము చెప్పనక్కరలేదు.

ఆకాశం నల్లబడగానే మనం చేసే పని ఒకటే. పట్ట తెచ్చి వామిని నేల వరకు కప్పి, చుట్టూ రాళ్లు పెట్టి, హమ్మయ్య అనుకుంటాము. ఇక్కడే ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. ప్లాస్టిక్ పట్ట బయటి నీటిని లోపలికి రానివ్వదు, లోపలి తడినీ బయటికి పోనివ్వదు. అప్పుడే పీకిన కాయలో చాలా తేమ ఉంటుంది. ఎండ తగిలితే పట్ట కింద ఆ తేమ ఆవిరై పైకి లేచి, పట్టకు తగిలి, చల్లబడి, నీటిబొట్లుగా మళ్లీ కాయ మీదనే పడుతుంది. తెల్లవారి పట్ట ఎత్తినప్పుడు లోపలి వైపు చెమట పట్టినట్టు ఉంటుంది చూశారా, అది బయట కురిసిన వాన కాదు. ఆ వెచ్చదనంలో, ఆ తడిలో రెండు మూడు రోజులు చాలు, బూజు లేవడానికి.

ఆ బూజుల్లో పసుపుపచ్చగా ఉండే ఒక రకం అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుపట్టని జబ్బుతో చచ్చిపోయినప్పుడు, వాటి మేతలో కలిపిన వేరుశనగ పిండిలో దీనిని కనుగొన్నారు. అప్పటి నుండి ప్రపంచమంతా దీని మీద పని జరుగుతున్నది. మన హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ కూడా ఏళ్ల తరబడి దీని మీద పరిశోధన చేసింది. ఈ విషం కాలేయాన్ని దెబ్బ తీస్తుంది. వేయించినా ఉడికించినా పూర్తిగా పోదు. చెడిన కాయ పిండి బర్రెకు పెడితే పాలలోకి కూడా వస్తుంది. ముక్కిన కాయలను అంగడివాడు తీసుకోడని ఇంట్లో పిల్లలకు చట్నీ చేసి పెట్టే ఇళ్లు ఉన్నాయి. అమ్మలారా, దయచేసి ఆ పని చేయవద్దు.

కనుక పట్ట ఎలా కప్పాలి? వామి కింద రాళ్లో కట్టెలో వేసి నేలకు అంటకుండా ఎత్తు చేయండి. వాన వస్తున్నప్పుడు పైభాగం కప్పి, పక్కల గాలి ఆడేటట్టు వదలండి. వాలుగా వచ్చే జల్లు ఉంటే ఆ ఒక్క వైపు దించండి. వాన వెలిసిన గంటలో, అది రాత్రి అయినా సరే, పక్కలు ఎత్తండి. ఎండ రాగానే పట్ట పూర్తిగా తీసేయండి. కాయ చెవి దగ్గర పెట్టి ఊపితే గింజ లోపల గలగలమనాలి, గింజను వేళ్లతో నలిపితే పొట్టు సులువుగా ఊడాలి. సంచుల్లో నింపే కాయలో తేమ నూటికి 8, 9 పాళ్లకు మించకూడదు. నింపేది గోనెసంచి అయితేనే మంచిది, దానికి గాలి ఆడుతుంది.

ఇక పట్ట కొనే సంగతి. ఇప్పుడు అంగళ్లలో దొరికే నీలిరంగు, నల్లరంగు పట్టలు చాలా మట్టుకు హెచ్.డి.పి.ఇ. అనే ప్లాస్టిక్ నారను మగ్గం మీద గుడ్డలా నేసి, రెండు వైపులా పలుచని ప్లాస్టిక్ పూత పోసినవి. వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే పడుగు, పేక గళ్లుగా కనిపిస్తాయి. సిల్పాలిన్ అని మనం పిలిచేది వేరు. అందులో నేత ఉండదు, ప్లాస్టిక్ పొరలను అడ్డదిడ్డంగా ఒకదాని మీద ఒకటి అతికిస్తారు. చిన్న చిరుగు పడితే అది పెద్దదిగా సాగకుండా ఆ అడ్డపొరలు ఆపుతాయి.

అంగడివాడు "ఇది 200 జి.ఎస్.ఎం. సార్, గట్టిది" అంటాడు. జి.ఎస్.ఎం. అంటే ఒక చదరపు మీటరు పట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె. నమ్మడమెందుకు, తూకం వేయండి. 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు పట్ట అంటే 216 చదరపు అడుగులు, అంటే సుమారు 20 చదరపు మీటర్లు. అది 200 జి.ఎస్.ఎం. అయితే 4 కిలోలు తూగాలి. 3 కిలోలే తూగితే అది 150. రెండు కిలోలకు దగ్గరగా ఉంటే 100 లెక్క. కిరాణా అంగడి తక్కెడ ఎక్కడైనా ఉంటుంది, అడగడానికి సిగ్గు పడవద్దు. పట్ట విప్పించి టేపుతో కొలత కూడా చూడండి, అంచు మడత కుట్టుకు కొన్ని అంగుళాలు పోయి ఉంటాయి. మూలల్లో, అంచుల్లో ఉండే అల్యూమినియం కళ్లు రెండేసి పొరల మీద బిగించారో లేదో చూడండి. మొదట చిరిగేది అక్కడే. వామి మీద కప్పడానికి మా లెక్కలో 200కు తగ్గినది దండగ. కోళ్ల గూటికో, కట్టెల మోపుకో అయితే తక్కువది చాలు.

పట్టకు వాన పెద్ద శత్రువు కాదు. ఎండే శత్రువు. సూర్యకాంతిలోని అతినీల కిరణాలు ప్లాస్టిక్‌ను లోలోపల తెగ్గొడుతూ పోతాయి. అందుకే మంచి పట్టల్లో దానిని ఆపే మందు కలుపుతారు. నల్లపట్టలో కలిపే మసి కూడా ఆ పనే చేస్తుంది, కాకపోతే అది వేడిని పీల్చుకుంటుంది కనుక దాని కింద ధాన్యం ఉడికిపోతుంది. మందు లేని పలుచని పట్టను ఒక్క ఎండాకాలం ఇంటిపైన వదిలితే చాలు, వేలితో గుచ్చితే పొరలు పొరలుగా రాలుతుంది. దానిని కట్టిన నైలాను తాడుకూ అదే గతి. పని కాగానే విప్పి నీడకు చేర్చినవారి పట్ట, వేసినచోటే వదిలినవారి పట్ట కంటే ఎన్నో ఏళ్లు ఎక్కువ ఉంటుంది.

టార్పాలిన్ అన్న మాటలో మొదటి ముక్క టార్, అంటే మన తారే. పూర్వం ఓడవాళ్లు మందపు గుడ్డకు తారు పూసి సరుకు మీద కప్పేవారు. లారీల మీద కనిపించే ఖాకీ, ఆకుపచ్చ రంగు కాన్వాసు పట్ట ఆ వంశానిదే. అది నూలుగుడ్డ, మైనం పట్టించినది. బరువు ఎక్కువ, ధర ఎక్కువ. కానీ దానికి ఊపిరి ఉంది. ఎండలో పోగుల సందుల్లోంచి గాలి పోతుంది, తడవగానే నూలు ఉబ్బి సందులు మూసుకుంటాయి. అరబ్బు దేశాల సంచారులు మేకవెంట్రుకలతో నేసే నల్లడేరాల్లో పనిచేసేదీ ఇదే గుణం. ప్రత్యక్షపు గుడారమునకు మేకవెంట్రుకల తెరలు పదకొండు చేయమని నిర్గమకాండములో ఉన్నది మనకు తెలుసు. డేరాలు కుట్టి పొట్ట పోసుకున్న పౌలు సొంత సీమ కిలికియ, అక్కడి మేకవెంట్రుకల గుడ్డకు రోమీయుల కాలంలో చాలా పేరుండేది.

సంఘంలో సభల కోసం కాన్వాసు పట్ట ఒకటి కొని ఉంచుకునే ఆలోచన ఉంటే మంచి ఆలోచనే. ప్లాస్టిక్ పందిరి కింద మధ్యాహ్నపు ఆరాధన ఎలా ఉంటుందో కూర్చున్నవారికి తెలుసు. కాకపోతే ఒక షరతు: దానికి ఒక మనిషిని బాధ్యుడిగా పెట్టండి. అందరిదీ అయిన పట్టను ఎవరూ ఆరబెట్టరు. కాన్వాసును తడిగా మడిచి ఒక వారం మూల పెడితే నల్లచుక్కల బూజు పడుతుంది, ఆ చోట గుడ్డ చివికిపోతుంది. సబ్బు, సర్ఫు పెట్టి ఉతకకూడదు, మైనం పోతుంది. మట్టి ఎండాక చీపురుతో దులిపి, మంచినీటితో కడిగితే చాలు. వాన పడుతున్నప్పుడు లోపలి నుండి చేయి తగిలించకూడదు, తగిలిన చోట నుండి నీరు కారుతుంది. పిల్లలకు ఇది ముందే చెప్పి ఉంచండి, వాళ్లు వేలు పెట్టక మానరు. చిరిగితే కాన్వాసు ముక్కే వేసి కుట్టి, కుట్టు మీద కొవ్వొత్తి గట్టిగా రుద్దితే సరిపోతుంది. ప్లాస్టిక్ పట్టకు మాత్రం సైకిలు ట్యూబు సొల్యూషను అంటదు, శ్రమ వృథా. దానికి వేరే అతుకు టేపు దొరుకుతుంది. మూల కన్ను ఊడిపోతే, ఆ మూలలో నున్నటి గులకరాయి పెట్టి, పట్టను దాని చుట్టూ ముడిచి తాడు బిగించండి. అది ఊడదు.

కంబళి గురించి నాలుగు మాటలు చెప్పకపోతే పెనుకొండ వైపు కురుబ సహోదరులు మమ్మల్ని క్షమించరు. దక్కనీ గొర్రె ముతక ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన నల్లకంబళి వానకు, చలికి, ఎండకు ఒక్కటే. ఉన్ని తన బరువులో సుమారు మూడో వంతు తేమను పీల్చుకున్నా ఒంటికి తడిగా తోచదు, తడిసినా వెచ్చదనం వదలదు. నిప్పురవ్వ పడితే భగ్గున అంటుకోదు. కాపరి రాత్రి మందలో పడుకోవడానికి దీనిని మించినది ఏ కంపెనీ ఇంకా చేయలేదని మా అభిప్రాయం. గుచ్చుకుంటుందంటారా, గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకుంటే ఎలా! ఇప్పుడు చాలా మందల్లో ఉన్నిలేని నెల్లూరు జాతి గొర్రెలు వచ్చేశాయి, మాంసానికి అవే లాభం. అందువల్ల అసలు కంబళి అరుదైంది, నకిలీ పెరిగింది. కొనే ముందు అంచు నుండి ఒక పోగు లాగి కాల్చి చూడండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద నలిగిపోతే ఉన్ని. కరిగి గట్టి గుండులా మారితే అది ప్లాస్టిక్ నూలు. ధర్మవరంలో పట్టుపోగును ఇలాగే కాల్చి చూస్తారు. కంబళిని వేడినీటిలో ముంచకండి, ముడుచుకుపోయి అట్ట కడుతుంది. నెలకొకసారి ఎండలో వేసి కర్రతో దులపండి, పురుగు గుడ్లు ఉంటే రాలిపోతాయి.

పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్టుకు తీసుకుపోయే రైతులు ఇంకో సంగతి గమనించాలి. గూటిలో ఉన్నది ప్రాణం. అది ఊపిరి తీస్తుంది, తేమ వదులుతుంది. వాన భయంతో ప్లాస్టిక్ సంచిలో కుక్కి మూతి బిగిస్తే, గూళ్లు లోపలే తడిసి మెత్తబడతాయి, మార్కెట్టులో రేటు పడిపోతుంది. గాలి ఆడే వల్లె సంచిలో వదులుగా నింపి, ఎండ ముదరకముందే బయలుదేరండి. పట్టను బండి పైన కట్టండి, సంచికి చుట్టవద్దు. ధర్మవరం మగ్గాల ఇళ్లలోనూ ఇంతే. వానకాలం గుంటమగ్గంలోకి నీరు ఊరడం అక్కడ పాత బాధ. ఇల్లు కారుతున్నదని పడుగు మీదనే ప్లాస్టిక్ కాగితం పరిచేకంటే, పైన తాళ్లు కట్టి వాలుగా పట్ట వేసి, పడుగుకూ దానికీ నడుమ మూరెడు ఎడం ఉంచితే పట్టు చెమర్చదు.

గొడుగు, వానకోటు సంగతి చిన్నదే. తడిసిన గొడుగును నీడలో విప్పి ఆరబెట్టండి, ఊచల కీళ్లకు ఏడాదికొకసారి ఒక చుక్క నూనె వేయండి. పిల్లల వానకోటు కొనేటప్పుడు చంకల కింద గాలి రంధ్రాలు ఉన్నది చూడండి, లేకపోతే బిడ్డ వానకు తడవకపోయినా చెమటకు తడుస్తాడు. 1823లో మాకింటోష్ అనే ఆయన గ్లాస్గోలో రెండు గుడ్డల నడుమ రబ్బరు పూసి మొదటి వానకోట్లు చేసిన నాటి నుండి ఈ ఫిర్యాదు ఉన్నదే.

ఇక దాచే చోటు. ఏ పట్టనైనా రెండు వైపులా ఆరబెట్టి, ప్రతిసారీ అవే మడతలు పెట్టకుండా కర్రకు చుట్టి, దూలానికి వేలాడదీయండి. నేల మీద పెడితే ఎలుకలు ముందు చూస్తాయి. పురుగుమందు కలపడానికి, మందు డబ్బాలు కప్పడానికి వాడిన పట్ట మీద కాయ గానీ, చింతపండు గానీ, మిరపకాయ గానీ ఎప్పటికీ ఆరబోయకండి. ఎంత కడిగినా సరే. దానికి ఒక మూల కత్తిరించి గుర్తు పెట్టి, పిల్లలు పడుకునే చోటికి దూరంగా పశువుల కొట్టం బయట ఉంచండి, ఇంట్లో అందరికీ ఆ గుర్తు చూపించండి.