బాబాయి కారులో కూత

మా బాబాయి కౌలుకు మిరప వేసి వేసి, ఇక చాలని దణ్ణం పెట్టి 2023లో ఒక పాత డీజిలు కారు కొన్నాడు. మా పల్నాటి ఊళ్ల నుంచి శ్రీశైలానికీ, తిరుపతికీ కిరాయికి తిప్పుతాడు. రాత్రి ప్రయాణాల్లో పాటలు లేకపోతే ఎక్కినవాళ్లకు తోచదు. అందుకని కారుతో వచ్చిన సెట్టుకు తోడు, డిక్కీలో ఒక యాంప్లిఫయరూ రెండు పెద్ద స్పీకర్లూ పెట్టించాడు. పెట్టించిన రోజే పాట వెనక సన్నగా ఒక కూత మొదలైంది. యాక్సిలరేటరు తొక్కితే కూత పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. పాటకూ పాటకూ మధ్య అయితే చెవిలో జోరీగే!

టౌనులో ఒక షాపాయన కరెంటు వైరుకు ఫిల్టరు పెట్టాలన్నాడు. పెట్టాడు. కూత పోలేదు. రెండో ఆయన యాంప్లిఫయరే చెడిందని మార్చాడు. పోలేదు. మూడో ఆయన డైనమో మార్చెయ్యమన్నాడు. అప్పటికే బాబాయికి ఆరువేలు వదిలాయి. అది రెండు తిరుపతి కిరాయిల మిగులు.

సెలవులకు ఇంటికెళ్లిన నేను ఊరుకుంటానా? ఫిజిక్సు చదివేవాణ్ణి కదా! కారులో డైనమో అని పిలిచేది నిజానికి ఆల్టర్నేటరు అనీ, అది మూడు ఫేజుల ఏసీని పుట్టిస్తుందనీ, ఆరు డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయనీ, అయినా చిన్న చిన్న అలలు మిగిలిపోతాయనీ అరుగు మీద ఉపన్యాసం ఇచ్చాను. లెక్క కూడా కట్టి చూపించాను. 12 ధ్రువాలున్న ఆల్టర్నేటరు ఒక్క చుట్టు తిరిగితే 36 అలలు. ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరిగేటప్పుడు, కప్పీ నిష్పత్తి రెండున్నర అయితే ఆల్టర్నేటరు 2000 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 1200 అలలు. తొక్కినకొద్దీ కూత పెరగటానికి కారణం ఇదే అని ముగించాను.

పక్కనే కూర్చున్న ట్రాక్టరు మేస్త్రి అంతా విని, "అదంతా సరేరా అబ్బాయ్, ఇంజను ఆపి పాట పెడితే కూత ఉందా?" అన్నాడు.

నాకు తెలియదు. బాబాయిని అడిగితే ముగ్గురు షాపువాళ్లలో ఒక్కరూ అది చూడలేదన్నాడు. మేస్త్రి పదో తరగతి గడప తొక్కినవాడు కాదు. నేను బి.యస్సీ. సిగ్గేసింది.

అప్పుడు ఇద్దరం వరసగా చూశాం. ఇంజను ఆపి పాట పెడితే కూత లేదు. అంటే యాంప్లిఫయరు సొంత రొద కాదు. సెట్టు వాల్యూము సున్నాకు తెచ్చినా కూత తగ్గలేదు. అంటే అది చేరుతున్నది వాల్యూము తర్వాతే. అన్నీ ఆపి, సెట్టు నుంచి వచ్చే సిగ్నలు కేబుళ్లను యాంప్లిఫయరు దగ్గర ఊడదీసి మళ్లీ ఇంజను స్టార్టు చేశాం. నిశ్శబ్దం! అంటే యాంప్లిఫయరూ, దాని కరెంటు వైరూ నిర్దోషులు. చార్జింగుకు పెట్టని సెల్‌ఫోనును నేరుగా యాంప్లిఫయరుకు తగిలిస్తే పాట శుభ్రంగా వచ్చింది. దొంగ ఆ సిగ్నలు కేబుళ్ల దారినే వస్తున్నాడు.

ఎలా వస్తున్నాడు? సెట్టుకు ఎర్తు ముందు డాష్‌బోర్డు కింద ఉంది. యాంప్లిఫయరుకు ఎర్తు వెనక డిక్కీలో ఉంది, అదీ పెయింటు గీకకుండా రేకు మీద బిగించిన ఒక చిన్న స్క్రూతో. ఆ అతుకు దగ్గర 0.01 ఓము నిరోధం ఉండి 10 ఆంపియర్లు పారాయనుకోండి. ఓమ్ సూత్రం ప్రకారం 0.1 వోల్టు. సెట్టు పంపే పాట సిగ్నలు సామాన్యంగా రెండు మూడు వోల్టులకు మించదు. మెల్లని పాటలో ఇంకా ఎంతో తక్కువ. పొలంలో బోదె పూడుకుపోతే నీళ్లు పక్క మడిలోకి పొర్లినట్టు, అసలు దారి సరిగా లేని కరెంటు కొంత సిగ్నలు కేబులు పైతొడుగులోంచి పారుతుంది. ఆల్టర్నేటరు అలలు దానితోపాటు వచ్చి పాటలో కలుస్తాయి. కరెంటు వైరుకు పెట్టిన ఫిల్టరు దీన్నేం చేస్తుంది? యాంప్లిఫయరు మార్చినప్పుడు కూడా ఆ స్క్రూ అలాగే ఉండిపోయింది మరి!

బ్యాటరీ నెగటివు తీసేసి, ఉప్పు కాగితంతో పెయింటు పోయేదాకా రుద్ది, బోల్టు, వాషరు వేసి పొట్టి లావు వైరుతో ఎర్తు బిగించాం. ముప్పాతిక వంతు కూత పోయింది. సిగ్నలు కేబుళ్లను కరెంటు వైరుతో కలిపి ఒకే కట్టగా కట్టారు. విడదీసి చెరో పక్కనుంచి లాగాం. మిగతా పావు వంతూ పోయింది. ఖర్చు నలభై రూపాయలు, ఒక మధ్యాహ్నం.

షాపువాళ్లను తిట్టటానికి ఇది రాయటం లేదు. మనం ఫిల్టరుకు డబ్బిస్తాం, యాంప్లిఫయరుకు డబ్బిస్తాం. గంటసేపు వెతికి, "ఏమీ మార్చక్కర్లేదు, స్క్రూ బిగించాను" అన్నవాడికి ఏమిస్తాం? "ఇంత చిన్న పనికి డబ్బులా?" అంటాం. వెతుకులాటకు కూలి లేనిచోట వస్తువులే అమ్ముడుపోతాయి. నా మాటకొస్తే, వెతికినవాడికే ముందు కూలి ఇవ్వాలి.

రెండో మాట మన ల్యాబు గురించి. అధ్యాపకులు మన్నించాలి. మేము ఓమ్ సూత్రాన్ని ఎన్నిసార్లో సరిచూశాం. జవాబు ముందే తెలుసు. రీడింగు సరిగా రాకపోతే సీనియర్ల రికార్డు ఉండనే ఉంది. కనెక్షను ఊడితే అటెండరుగారు వచ్చి బిగించి పోతారు. ఎందుకు ఊడిందో, ఎలా కనిపెట్టారో మేము అడగం, ఆయన చెప్పరు. సూత్రం వచ్చినవాణ్ణి ముందు పెట్టి చూడాల్సిన పరీక్ష ఏదో నాకు తోచకపోవటానికి కారణం ఇదేనని నా నమ్మకం. "ఇది కాదు" అని ఒక్కొక్కదాన్నీ తీసేస్తూ పోవటం కూడా సైన్సే. అది పుస్తకంలో చదివితే రాదు, చెడిపోయిన వస్తువు చేతిలో ఉంటేనే వస్తుంది.

కనుక నా కోరిక ఒకటే. ఏడాదికి ఒక్క ప్రాక్టికలు, కావాలని చెడగొట్టిన సర్క్యూటు మీద పెట్టండి. జవాబుకు సగం మార్కులు, వెతికిన వరసకు సగం మార్కులు వెయ్యండి.

పరికరాలకు డబ్బు లేదంటారేమో! రెండో షాపాయన చెడిందని తీసిచ్చిన పాత యాంప్లిఫయరు మా ఇంట్లో అటక మీద ఉంది. బ్యాటరీకి తగిలించి చూశాను, నిక్షేపంగా పాడుతోంది. వచ్చే టర్ముకు తెచ్చి ల్యాబులో ఇస్తాను. ఎక్కడో ఒకచోట లోపం పెట్టి మా చేతికి ఇవ్వండి.

— బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి