సీటు మీద బ్యాగు... దొంగకు పిలుపు!

ఆఫీసు నుంచి నేరుగా పెళ్లికి వచ్చాడాయన. ఫంక్షన్ హాలు ముందు రోడ్డు పక్కన కారు ఆపి, లాప్‌టాప్ బ్యాగు వెనక సీటు మీదే వదిలేసి లోపలికెళ్లాడు. అక్షింతలు వేసి, భోంచేసి వచ్చేసరికి... సీటు నిండా గాజుముక్కలు. బ్యాగు లేదు! అద్దం మళ్లీ వేయించుకోవచ్చు. లాప్‌టాప్ మళ్లీ కొనుక్కోవచ్చు. మరి అందులోని పాప మొదటి పుట్టినరోజు ఫొటోలు? వాటికి ఇంకో కాపీ లేదు.

ఇలాంటి అనుభవం ఎవరికైనా ఎదురుకావచ్చు. 'తాళం వేశాంగా' అన్న ధీమాతోనే వస్తుంది చిక్కంతా. కారు ముందు అద్దంలో రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. పగిలినా ఊడి పడదు. చాలా కార్లలో పక్క అద్దాలు అలా కాదు. ప్రమాదం జరిగితే లోపలున్నవారికి గుచ్చుకోకుండా చిన్న చిన్న ముక్కలై రాలిపోయేలా తయారుచేస్తారు. ఆ ఏర్పాటే దొంగకు కలిసొస్తుంది. పోనీ నల్లఫిల్మ్ వేయిద్దామా అంటే, పక్క అద్దాలు కనీసం 50 శాతం వెలుతురును రానివ్వాలన్నది నిబంధన. అంటే సీటు మీద వస్తువు ఎలాగూ కనిపిస్తుంది.

అందుకే, అసలు కంట పడకుండా చూసుకోవడమే మందు.

* లాప్‌టాప్, కెమెరా లాంటివి వెంట తీసుకెళ్లడం ఉత్తమం. తప్పనిసరైతే డిక్కీలో పెట్టాలి. అదీ బయల్దేరే ముందే! కారు ఆపాక అందరి ఎదుటా పెడితే దొంగకు చోటు చూపించినట్లే.

* ఛార్జర్ వైరు, ఖాళీ బ్యాగు కూడా పైకి కనిపించకూడదు. అది ఖాళీదని బయటివాడికేం తెలుసు?

* రిమోట్ నొక్కేసి వెళ్లిపోకుండా, తలుపు లాగి చూడాలి.

* 'మీ డబ్బులు కింద పడ్డాయి', 'ఆయిల్ కారుతోంది' అని ఎవరైనా చెబితే కంగారుగా దిగొద్దు. దృష్టి మళ్లించే ముఠాల పాత ఎత్తు ఇది. దిగాల్సి వస్తే తాళంచెవి తీసుకుని, తలుపులన్నీ లాక్ చేశాకే దిగాలి.

* ఎండలో నిలిపిన కారులో గంటల తరబడి వదలొద్దు. 45 డిగ్రీలు దాటే చోట ఐఫోన్ ఉంచొద్దని తయారీ సంస్థే చెబుతోంది. వేసవిలో కారు లోపల ఆ వేడి ఇట్టే దాటిపోతుంది.

ఇన్ని చేసినా పోతే? ముందు పోలీసులకు ఫిర్యాదు చేయాలి. బిల్లు, లాప్‌టాప్ సీరియల్ నంబరు, ఫోన్ ఐఎంఈఐ నంబరు రాసిపెట్టుకుంటే అప్పుడు అక్కరకొస్తాయి. ఫోన్‌లో *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ కనిపిస్తుంది. 2023లో దేశమంతటా మొదలైన సంచార్ సాథీ పోర్టల్‌లో, ఫిర్యాదు కాపీ జతచేసి ఆ ఫోన్‌ను బ్లాక్ చేయించవచ్చు. వెంటనే ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు మార్చేయాలి. మామూలు కారు బీమా లోపలి సొంత వస్తువులకు వర్తించదు. అదనపు కవరు తీసుకున్నా, అందులో లాప్‌టాప్ ఉందో లేదో చదివి చూసుకోవాలి.

పాప ఫొటోలను మాత్రం ఏ బీమా తిరిగివ్వదు. కాబట్టి ఈ ఆదివారం ఓ గంట తీరిక చేసుకోండి. వాటిని మరో డిస్కులోకి ఎక్కించి బీరువాలో భద్రపరచండి.