ఎముకలోనూ రక్తమే!

"డాక్టరాంటీ, ఎముకలో కూడా రక్తం ఉంటుందా?" దీపావళి వేడుకలో ఓ చిన్నారి అడిగింది. వచ్చేవారం వాళ్ళ తాతగారికి వెన్నెముక ఆపరేషన్.

ఉంటుందమ్మా. ఎముక లోపల స్పాంజిలా ఉంటుంది. కోస్తే రక్తం ఊరుతూనే ఉంటుంది. రక్తనాళమైతే దారంతో కట్టేస్తాం, స్పాంజిని ఎక్కడని కడతాం? 1892లో లండన్ సర్జన్ విక్టర్ హార్స్లీ తేనెమైనంలో బాదంనూనె కలిపి ఆ రంధ్రాలు పూడ్చాడు. భలే ఉపాయం! కానీ మైనం ఒంట్లో కరగదు, ఎముకను అతుక్కోనివ్వదు.

ఎముకలో ఖాళీలు నింపే కాల్షియం ఫాస్ఫేట్ గుళికలున్నాయి, రవ్వలా ఉంటాయి. వాటి సన్నని రంధ్రాలు రక్తాన్ని పీల్చుకుంటాయి, అది అక్కడే గడ్డకడుతుంది, తర్వాత కొత్త ఎముక అందులోకే పెరుగుతుంది. ధమని తెగితే మాత్రం ఇవి చాలవు.

"తాతగారి ఆస్పిరిన్ సంగతి సర్జన్‌కి చెప్పారా?" అన్నాను. వాళ్ళమ్మ తెల్లబోయింది. పొద్దున్నే ఫోన్ చెయ్యమన్నాను. ఈలోగా సొంతంగా మాత్ర మానెయ్యొద్దనీ చెప్పాను.