నాచులో దాగిన మందు



విశాఖపట్నం తీరాన అలలు కొట్టే బండలమీద గోధుమరంగు నాచు పెరుగుతుంది. రాత్రింబగళ్ళు కెరటాలు బాదుతున్నా అది అంత తేలికగా తెగదు; వంగుతుంది, మళ్ళీ లేస్తుంది. పట్టుకుంటే జిగురుగా జారుతుంది. ఆ జిగురులోనే ఉన్నది అసలు సంగతి!

పూర్వం స్కాట్లండు తీరంలో నాచును కాల్చి, బూడిదనుంచి సోడా, అయొడిన్ తీసేవారు. జిగురు కాస్తా మంటలో కాలిపోయేది. 1881లో స్టాన్‌ఫర్డ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు నాచును కాల్చకుండా ఆ జిగురును వేరుచేసే మార్గం చూపాడు. దాన్నే ఇప్పుడు ఆల్జినేట్ అంటున్నాం.

ఆల్జినేట్ అణువు పొడుగాటి పూలదండ వంటిది. దానిలో పూలు రెండే రకాలు: మాన్యురానిక్ ఆమ్లం, గులురానిక్ ఆమ్లం. వీటిని 'మ' అనీ, 'గ' అనీ పిలుద్దాం. రెండూ చక్కెర జాతివే. రెండింటిలోనూ పరమాణువులు సమానమే. ఒక్క కొమ్మ తిరిగిన దిక్కులోనే భేదం. చిన్న భేదమేగదా అనుకోకండి! 'గ'లు వరుసగా ఉన్నచోట దండ వంకరలు తిరిగి గుంటలు పడతాయి. రెండు దండలు ఎదురెదురుగా వస్తే, ఆ గుంటల్లో కాల్షియం చేరుతుంది, అట్టపెట్టెలో గుడ్లు అమరినట్లు. అప్పుడు దండలు ఒకదానికొకటి అతుక్కుని, నీటిని పట్టి ఉంచే మెత్తని ముద్ద అవుతుంది.

మరి ఇది వైద్యునికి ఎలా పనికివస్తుంది? కాల్షియం ఆల్జినేటును దారాలుగా తీసి, పుండ్లమీద వేసే పట్టీలు చేస్తారు. పుండునుంచి ఊరే రసిలో సోడియం ఉంటుంది. అది దారంలోకి చేరి కాల్షియాన్ని బయటికి పంపుతుంది. దారం ఉబ్బి మెత్తబడుతుంది, పుండు ఎండిపోదు. పట్టీ తీసేటప్పుడు కొత్త చర్మం చీరుకుపోదు. బయటికి వచ్చిన కాల్షియం నెత్తురు గడ్డకట్టడానికి కూడా సాయపడుతుంది.

చిత్రమేమంటే, అదే నాచులో దీనికి విరుద్ధమైన పదార్థం కూడా ఉన్నది! 1913లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు కీలిన్ కనుగొన్న ఫ్యూకోయిడాన్ అది. ఫ్యూకోస్ అనే చక్కెరకు గంధకంతో కూడిన సల్ఫేట్ గుంపులు అంటుకుని ఉంటాయి. పరీక్షనాళికలో అది నెత్తురును గడ్డకట్టనీయదు. దీని గుణాలు ఇంకా పరిశోధనలోనే ఉన్నాయి. కనుక నాచు మంచి మందట అని ఎవరైనా చెబితే, తెచ్చుకుని మింగకండి. ఏది, ఎంత, ఎవరికి అన్నది తేలిన తరువాతనే ఏ పదార్థమైనా మందు అవుతుంది.

పోయేముందు ఒక ప్రశ్న: 'మ'లు మాత్రమే ఉన్న దండకు కాల్షియం కలిపితే అంత గట్టి ముద్ద అవుతుందా? గుంటల సంగతి గుర్తుంచుకుని ఆలోచించండి.