చార్టు మడిచి పెట్టండి

పదో తరగతి ఆడపిల్లల ముందు చార్టు వేలాడదీస్తారు. ప్రోటీన్లు, విటమిన్లు, ఖనిజాలు అంటూ ముప్పావుగంట చెబుతారు. ‘అర్థమైందా?’ అంటే ‘అయింది మేడమ్’ అని అందరూ ఒకే గొంతుతో పలుకుతారు. ఫొటో, రిజిస్టరులో సంతకం, బిస్కెట్టు ప్యాకెట్టు. పోషకాహార అవగాహన సదస్సు ముగిసింది!

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో రక్తహీనత 54 శాతం. 2019-21 నాటికి 59. అదే వయసు మగపిల్లల్లో 31 శాతం ఉంది కానీ, ఆ ఊసు ఎవరూ ఎత్తరు. ఇది సదస్సులు చాలక వచ్చిన తిప్పలని నేననుకోను.

2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమంలో మంచి ఆలోచన ఒకటుంది. ఊరికి ఇద్దరమ్మాయిలు, ఇద్దరబ్బాయిలు తోటివాళ్లకు ఆరోగ్యం గురించి చెప్పాలి. మరి వాళ్ల వెనక నిలబడేదెవరు? అంగన్‌వాడీ టీచరు, ఆశా, ఏఎన్‌ఎం. ఉపన్యాసం ఎలా ఇవ్వాలో వీళ్లకు నేర్పుతున్నాం. పిల్లలు పని నడిపిస్తుంటే పగ్గాలు లాక్కోకుండా ఎలా సాయపడాలో నేర్పడం లేదు.

వారానికోసారి బడిలో ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రనే తీసుకోండి. కొందరు పిల్లలు చాటుగా పారేస్తారు. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది. మలం నల్లగా వస్తే హడలిపోతారు. ఇంట్లో నాయనమ్మ ‘వేడి చేస్తుందే’ అంటుంది. అన్నం తిన్నాక వేసుకోవాలనీ, ఆ నలుపు మాత్ర వల్లేననీ, వెంటనే టీ తాగితే ఇనుము సరిగా ఒంటబట్టదనీ చెప్పాలి. ‘నాకూ వాంతొచ్చిందే, అన్నం తిని వేసుకుంటే రాలేదు’ అని పక్క బెంచీ పిల్ల చెబితే వింటారు, మనం చెబితే తలూపుతారు. టీచరమ్మ పని ఆ పిల్లకు సరైన సంగతి అందించడం, తెలియనిది ‘కనుక్కుని చెబుతా’ అనడానికి ధైర్యమివ్వడం, ఎవరిని ఆసుపత్రికి పంపాలో గుర్తుపట్టడం నేర్పడం.

ఇంకో పని చూడండి. బడి గేటు నుంచి 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలు అమ్మకూడదని 2020లో ఆహార భద్రతా సంస్థ నిబంధన పెట్టింది. పిల్లల చేతికి టేపు ఇచ్చి కొలవమనండి, ఏ కొట్లో ఏం వేలాడుతోందో రాయమనండి. అసలు చిక్కు ఆ తర్వాతే. కొట్టువాడు ఆ పిల్లల్లో ఒకడికి మేనమామే కావచ్చు! అతని పొట్ట కొట్టకుండా పల్లీ చిక్కీ, గుగ్గిళ్లు పెట్టమని ఎలా అడగాలి, హెడ్మాస్టరు దగ్గర ఏం మాట్లాడాలి, సర్పంచికి అర్జీ ఎలా రాయాలి? శిక్షణలో సగం దీనికే పోవాలి.

పోషకాల లెక్కలకు కొదవలేదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార మార్గదర్శకాలను సవరించింది. ఊరి సంతలో తోటకూర కట్ట ఎంతో, ఏ ఇంట్లో ఆడపిల్ల అందరూ తిన్నాక తింటుందో మాత్రం ఆ ఊరి పిల్లలే చెప్పగలరు.

శిక్షణ షెడ్యూళ్లు వేసే అధికారులకు ఒక్క విన్నపం. ఈసారి ఒక రోజంతా ఊరి పిల్లలనే పిలిచి చెప్పించండి, టీచర్లు వింటారు. వచ్చినవాళ్లకు బస్సు చార్జీలు, మధ్యాహ్న భోజనం ఇవ్వడం మరిచిపోకండి.