బెస్సీ కోల్మన్‌ను ఎవరు మరచిరి?

విమానచోదకురాలు బెస్సీ కోల్మన్ జీవితమును ఒక్క నటియే అభినయించి చూపు నాటకములు ఇటీవలి దశాబ్దములలో అమెరికాలో పలుమారులు రంగమెక్కినవి. తోలుటోపీ, కంటియద్దములు ధరించి వచ్చిన నటి గంటసేపు తానే కథానాయికయై, తానే తల్లియై, అన్నయై, పత్రికాసంపాదకుడై కథ నడుపును. ప్రయత్నము శ్లాఘ్యమే. కాని ఆమెను పరిచయము చేయునప్పుడు తరచుగా వాడు మాట యొకటి కలదు. దానిపై నాకు గట్టి అభ్యంతరము. చరిత్ర మరచిన వీరనారి యట! చరిత్రకు మతిమరపు రోగము పట్టినదా? మరచుటకును మనుష్యులే కావలెను గదా. వారెవరో చెప్పక, నేరమును కాలముపై మోపుట న్యాయము కాదు.

1926 ఏప్రిల్ 30న ఫ్లారిడాలోని జాక్సన్‌విల్‌లో ఆమె మరణించినప్పుడు శ్వేతజాతి పత్రికలు ఆమెతో మరణించిన శ్వేతజాతి యంత్రకారుడు విలియమ్ విల్స్‌ను గూర్చి విశేషముగా వ్రాసి, ఆమె ప్రసక్తిని పొడిగా ముగించినవి. అదే సమయమున షికాగోలో ఆమె అంత్యక్రియలకు నల్లజాతివారు వేలకొలది వచ్చిరి. ఐడా బి. వెల్స్ ఆ సభను నడిపెను. 1929లో విలియమ్ పావెల్ లాస్ ఏంజెలిస్‌లో ఆమె పేర వైమానిక సంఘము స్థాపించి, 1934లో తన 'బ్లాక్ వింగ్స్' గ్రంథమును ఆమెకే అంకితమిచ్చెను. 1931 నుండి షికాగో నల్లజాతి వైమానికులు ఆమె సమాధిమీదుగా విమానములలో ఎగురుచు పువ్వులు జారవిడిచిరి. 1992లో మే జెమిసన్ అంతరిక్షమునకు వెళ్లుచు ఆమె చిత్రపటమును వెంట గొనిపోయెను. వీరెవ్వరును మరచినవారు కారు. అమెరికా ప్రభుత్వము ఆమె పేర తపాలబిళ్ల వేసినది 1995లో. నాటికి గాని తామెరుగనివారు, లోకమంతయు అప్పటివరకు ఎరుగదని ప్రకటించుట విడ్డూరము. నాటకము ఆ ప్రకటనను నమ్మి మొదలైనచో, జ్ఞాపకము కాపాడినవారిని మరల ఒకమారు మరచినట్లగును.

ఒంటరితనము మాటయు నట్టిదే. ఏకపాత్రము రంగస్థలమున నటికి ఒంటరితన మిచ్చును. ఆ ఒంటరితనము కథానాయికకు గూడ అంటుకొనుట సులభము. కాని ఆమె ఒంటరిగా ఎగిరినది కాదు. 1892 జనవరి 26న టెక్సాస్‌లో జన్మించి, ప్రత్తి ఏరుచు పెరిగిన ఆ పిల్లను చదివించుటకు తల్లి పడిన పాటు కొంచెము కాదు. షికాగో క్షౌరశాలలో ఆమె గోళ్లు తీర్చు పని చేయుచుండగా, యుద్ధమునకు ఫ్రాన్సు వెళ్లి వచ్చిన అన్న జాన్, అక్కడి స్త్రీలు విమానములు నడుపుదురు, నీ వల్ల కాదులే యని ఎగతాళి చేసెను. (మేలు చేసిన ఎగతాళులు లోకమున బహు కొద్ది; ఇది యొకటి.) అమెరికాలో ఏ విమానశిక్షణశాలయు ఆమెను చేర్చుకొనలేదు. 'షికాగో డిఫెండర్' సంపాదకుడు రాబర్ట్ అబ్బాట్ ఫ్రాన్సు పొమ్మని సలహా యిచ్చెను. ఆమె ఫ్రెంచి నేర్చి, 1920 నవంబరులో ఓడ యెక్కి, ల క్రోత్వాలోని కోద్రాన్ సోదరుల పాఠశాలలో శిక్షణ పొంది, 1921 జూన్ 15న అంతర్జాతీయ లైసెన్సు సంపాదించెను. ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీలలో ఆమెయే ప్రథమురాలు. ఆమె వెనుక తల్లి కలదు, క్షౌరశాల కలదు, పత్రిక కలదు, ఒక పేట కలదు.

ఏకపాత్ర ప్రక్రియను నిందించుట నా యుద్దేశము కాదు. తక్కువ ధనముతో ఊరూరికి తిరుగగలదు. పెద్ద నాటకశాలలు వేషమీయని నటీమణులకు ఇది తమ చేతిలోని పనిముట్టు. మన హరికథకుడును ఒంటరిగానే నిలుచును. దశరథుడు, కైక, మంథర ఒక్క నోటనే పలుకుదురు. అయినను ప్రక్కవాద్యములుండును, గోవింద యనుటకు సభ యుండును. రాముని ఎవరును మరచిరని హరికథకుడు ఎన్నడును మొదలిడడు.

ఇక పతనము. నాటకకర్తకు దానినే శిఖరముగా చేయవలెనను ఆశ పుట్టుట సహజము. మరునాటి ప్రదర్శనమున పారాషూట్‌తో దూకవలసిన చోటు చూచుకొనుటకై ఆమె బెల్టు కట్టుకొనక విమానపు అంచున వంగి చూచుచుండెను, విల్స్ నడపుచుండెను. విమానము తలక్రిందులయ్యెను. ఆమె నేలబడి మరణించెను; విల్స్ విమానముతో కూలెను. యంత్రమున చిక్కుకొన్న ఒక పానా విమానమును చేయి జార్చినదని పిదప తేలినది. ఇందు విధివిలాస మేమియు లేదు. అది సైన్యము వాడి వదలిన పాత 'జెన్నీ' విమానము. డల్లాస్ నుండి తెచ్చుచుండగనే దారిలో చెడినది. లైసెన్సున్నను ఆమెకు కొత్త విమానము కొను ధనము లేదు. నల్లజాతివారికి విమానపాఠశాల పెట్టవలెనని కూడబెట్టుచుండెను. ఆ పానాను రంగమున చూపుడు. దాని వెల గూడ చెప్పుడు.

దీనికంటె నాటకోచితమైనవి ఆమె తిరస్కారములు. ఒక చలనచిత్రములో కథానాయిక వేషమిచ్చి, తొలి దృశ్యమున చింపిరిగుడ్డలతో, చేతికఱ్ఱతో, వీపున మూటతో రావలెననగా ఆమె లేచిపోయెను. ఆ పాత్ర మిగుల ధనమిచ్చియుండును, పాఠశాలకు పనికివచ్చియుండును. ఆమె అది ఎరుగకపోలేదు.

పెరిగిన ఊరు వాక్సహాచీలో తెల్లవారికొక ద్వారము, నల్లవారికొక ద్వారము పెట్టినప్పుడు, ఒక్క ద్వారమే యుండకున్న ఎగురనని ఆమె పట్టుపట్టెను. నిర్వాహకులు ఒప్పుకొనిరి. లోపలికి వెళ్లిన పిదప మాత్రము ఇరువురును వేరు వేరు వైపులనే కూర్చుండవలసి వచ్చెను. ఆమె ఎగిరెను. క్రింద రెండు గుంపులును ఒకే విమానమును చూచినవి. నటి అక్కడ కొంతసేపు ఊరకుండి, సభలో ఇరుప్రక్కల కూర్చున్నవారివైపు చూడవచ్చును.