నీళ్ళు మన పిల్లలవి కూడా

నీళ్ళ దగ్గరే కులం ముందు కనబడుతుంది. 1927లో మహద్ చెరువులో అంబేడ్కర్ దోసిలి పట్టింది దాహం కోసమే కాదు, మేమూ మనుషులమేనని చెప్పడానికి. 1985లో కారంచేడు మాదిగపల్లె మీద దాడికి ముందు గొడవ మొదలైందీ మంచినీళ్ళ చెరువు దగ్గరే. ఇవాళ అదే నీళ్ళ దగ్గర ఇంకో హక్కు అడుగుతున్నాం. ఆటిజం ఉన్న మన పిల్లలకు ఈత నేర్పండి.

ఆటిజం గాలి సోకడం కాదు, తల్లి చేసిన పాపం అసలే కాదు. ఆ పిల్లల మెదడు ఎదిగే తీరే వేరు. చప్పుడు, వెలుతురు, తాకిడి కొందరికి భరించరానివి. నీళ్ళు ఒళ్ళంతా సమంగా అదిమి పట్టుకుంటాయి, చాలామంది అక్కడ నెమ్మదిస్తారు. ఈతతో ఆటిజం పోదు. పోతుందని చెప్పి డబ్బు గుంజేవాళ్ళను నమ్మొద్దు.

అసలు సంగతి ప్రాణానిది. ఈ పిల్లల్లో చాలామంది చెప్పకుండా బయటికెళ్ళిపోతారు. నీళ్ళంటే ఇష్టం, లోతు తెలీదు. మునిగి చనిపోయే ముప్పు తోటి పిల్లలకన్నా వీళ్ళకు చాలా ఎక్కువ. మన వాడల పక్కనేమో కాలువలు, కుంటలు, గోడలేని బావులు. కూలికి పోయే తల్లి కాపలా ఎట్లా కాస్తుంది? బిడ్డను మంచానికి కట్టేసి పోతే తప్పు ఆమెదా?

ఆటిజం ఉన్న ముంబయి అమ్మాయి జియా రాయ్ 2022లో తలైమన్నార్ నుంచి ధనుష్కోడికి 29 కిలోమీటర్లు ఈదింది. ఆమె నావికాదళ ఉద్యోగి బిడ్డ. ఆ శక్తి మన గూడేల్లో లేదా? లేనిది నేర్పే మనిషి, దిగనిచ్చే కొలను.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. ఆటల్లో వీళ్ళకు చోటు కల్పించే బాధ్యత ప్రభుత్వాలదేనంది. కాబట్టి దానం అడగడం లేదు. మున్సిపల్ ఈతకొలనుల్లో వారానికి రెండుసార్లు, రద్దీలేని వేళ, ఫీజు లేకుండా చోటివ్వాలి. ఒక్కో బిడ్డకు ఒక్కో కోచ్ ఉండాలి. రోజూ అదే మనిషి, అదే వేళ, బొమ్మలు చూపి చిన్న మాటల్లో చెప్పాలి. వెల్లకిలా తేలడం, గట్టు పట్టుకొని పైకెక్కడం ముందు నేర్పాలి. ఈత వచ్చాక కూడా కన్నేసి ఉంచాలి.

అరుస్తున్నాడని పిల్లోణ్ణి కొలనులోంచి గెంటేయడం కూడా అంటరానితనమే. ఆ మాటను మున్సిపల్ ఆఫీసు ముందు నిలబడి చెబుదాం. వాడల్లో ఇలాంటి బిడ్డలున్న ఇళ్ళకు వెళ్దాం, తల్లుల్ని ముందు నడిపిద్దాం.

జై భీమ్!